స్టిల్ అంటే ఇంకా

కోరుట్ల బస్టాండు వెనక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకూ జిరాక్సు షాపుకూ నడుమ మైసయ్య ఫొటో స్టూడియో ఉంది. పట్టపగలు కూడా లోపల సగం చీకటే. ఆ చీకట్లో ఒక స్టూలు, దాని వెనక తెల్లటి తెర, ముందు గొడుగుల్లాంటి రెండు దీపాలు. స్టూలు మీద కూర్చున్న మనిషి గడ్డాన్ని రెండు వేళ్ళతో కాస్త పైకెత్తి, జారిన కాలరు సరిచేసి, వెనక్కి నడిచి, కెమెరా కంటికి ఆనించుకుని మైసయ్య ఒక్క మాట అనేవాడు.

“స్టిల్.”

అంతే. ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టేవాడు. ఆ మాటకూ మీట నొక్కిన చప్పుడుకూ మధ్య ఉండే సన్నని నిశ్శబ్దంలోనే మైసయ్య బతుకంతా గడిచింది.

ఆ మాట ఆయనకు బడిలో వచ్చింది కాదు. కథలాపూర్ దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. చదువు మధ్యలో వదిలేసి కోరుట్లలో ఖాదర్ సాబ్ అనే ఫొటోగ్రాఫరు దగ్గర పనికి కుదిరాడు. పెళ్ళిళ్ళకు ఆయన వెంట మూడుకాళ్ళ స్టాండు మోసేవాడు. ఖాదర్ సాబ్ పెళ్ళివారిని వరసలుగా నిలబెట్టి, చెయ్యి పైకెత్తి “స్టిల్” అనేవాడు. గోల ఆగిపోయేది. ఏడ్చే పిల్లలు కూడా నోరు తెరిచి అటే చూసేవారు. మైసయ్య చాలాకాలం అది ఉర్దూ మాట అనుకున్నాడు. తర్వాత ఇంగ్లీషుదని తెలిసింది కానీ అర్థంలో తేడా ఏమీ రాలేదు. స్టిల్ అంటే కదలకు. గాలి లేనప్పటి నీళ్ళలాగ ఉండు.

అదే సందులో కోళ్ళు అమ్మే ఇంకో మైసయ్య ఉండేవాడు. గుర్తు కోసం జనం అతన్ని చికెన్ మైసయ్య అనీ ఈయన్ని స్టిల్ మైసయ్య అనీ అనేవారు.

స్టూడియోకి ఎక్కువగా వచ్చేది దుబాయికో మస్కట్‌కో పోబోయే మగవాళ్ళు. పాస్‌పోర్టు ఫొటోకి నవ్వకూడదని ఎవరో చెప్పి ఉంటారు. స్టూలు మీద కూర్చోగానే ముఖం మూసిన తలుపులా అయిపోయేది. ఫొటో అయ్యాక బయట నిలబడ్డ భార్యాపిల్లల్ని లోపలికి పిలిచి, “అన్నా, మాయి అందరియి ఒకటి తియ్యరాదే,” అనేవారు. మైసయ్య తీసేవాడు. పిల్లవాడు తండ్రి వేలు పట్టుకుని గుంజేవాడు, తల్లి కొంగు సర్దుకునేది, తండ్రి కన్ను కెమెరా మీంచి తలుపు వైపు పోయేది. అంత కదలిక మీద మైసయ్య ఆ ఒక్క మాటను దుప్పటిలా కప్పేవాడు.

ఆ మాట అక్కర్లేని ఫొటోలు కూడా తీశాడు. వెనకటి రోజుల్లో ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళు పోతే కబురొచ్చేది. పోయిన మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ బంధువులు నిలబడేవారు. అక్కడ బంధువులకే చెప్పాల్సి వచ్చేది, నడుమ కూర్చున్నవారికి కాదు. కంప్యూటరు వచ్చాక ఇంకో పని మొదలైంది. “అన్నా, మా అవ్వ కండ్లు తెరిపియ్యి,” అని అడిగేవారు. మూసిన రెప్పలున్న ఫొటో గోడకు పెట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. మైసయ్య పాత ఫొటో ఏదైనా తెమ్మని, అందులోంచి కళ్ళు తీసి ఇందులో అమర్చేవాడు. అట్లా కోరుట్ల చుట్టుపక్కల గోడల మీద ఎంతోమంది ముసలివాళ్ళు ఆయన చేతి చలవతో కళ్ళు తెరుచుకుని చూస్తుంటారు.

ఆయనకు ఒక్కతే బిడ్డ, మనీషా. డిగ్రీ చదివింది, బీఈడీ చేసింది. సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లు బాగుచేసే దినేశ్‌కి ఇచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెలలు నిండేదాకా వచ్చింది. కాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చారు. తల్లి రుక్కమ్మ ఆమెను గిన్నె కూడా ఎత్తనివ్వలేదు. మైసయ్య మాత్రం ఒకే కోరిక పెట్టుకున్నాడు. పుట్టిన పిల్లకో పిల్లాడికో మొదటి ఫొటో తన కెమెరాతోనే తియ్యాలి.

“ఈ కాలంల పొల్లగాండ్లు కండ్లు తెరువకముందే ఫోన్ల పడుతున్నరు,” అనేవాడు. “నర్సు తీస్తది, ఆయా తీస్తది, ఆటో ఆయన తీస్తడు. నా మనుమనికి గట్ల కావద్దు.”

“మనుమరాలైతె తియ్యవా?” అని మనీషా అడిగేది.

“మనుమరాలైతె రెండు తీస్త.”

ఇంట్లో పొద్దుపోక మనీషా మధ్యాహ్నాలు స్టూడియోకి వచ్చి, ఫ్యాను కింద కూర్చుని టీచరు పరీక్షకు చదువుకునేది. ఒకరోజు వాన పడుతోంది, బేరం లేదు. మైసయ్య మెత్తటి బట్టతో లెన్సు తుడుస్తున్నాడు. మనీషా పుస్తకంలోంచి తలెత్తింది.

“బాపూ, నీ మాట వచ్చింది దీంట్ల. షీ ఈజ్ స్టిల్ స్లీపింగ్. అర్థం చెప్పు.”

“గిదేం పెద్ద కథ. షీ అంటె ఆమె. స్లీపింగ్ అంటె పండుకునుడు.” మైసయ్య లెన్సుని వెలుతురుకి పెట్టి చూశాడు. “ఆమె కదలకుంట పండుకున్నది.”

మనీషా నవ్వింది. నవ్వుతూ పొట్ట పట్టుకుంది. “కాదు బాపూ. ఆమె ఇంకా పండుకునే ఉన్నది.”

“ఇంకా అన్నది యాడికెల్లి అచ్చింది?”

“స్టిల్ అంటేనే ఇంకా.”

“ఏయ్, పో. ఆ మాట మీద బువ్వ తింటున్న నేను. నాకు తెల్వదా?”

“నీది వేరే స్టిల్. నీది మనిషి ఎట్లున్నడో చెప్తది. గిది క్రియావిశేషణం. పని అయిందా, ఇంక నడుస్తున్నదా అని చెప్తది. ఇట్ ఈజ్ స్టిల్ రెయినింగ్. వాన ఇంకా పడుతనే ఉన్నది. హీ ఈజ్ స్టిల్ ఇన్ దుబాయ్. ఆయన ఇంకా దుబాయిలనే ఉన్నడు, రాలేదు.”

మైసయ్య లెన్సు పక్కన పెట్టాడు. “అయితె ఆగిపోయినదానికి, ఆగకుంట నడిచేదానికి ఒక్కటే మాటనా?”

“ఒక్కటే.”

“మరి ఏది ఏదో ఎట్ల ఎరుకైతది?”

“పక్కన ఏ మాటున్నదో సూడాలె బాపూ. పక్కన పని ఉంటె ఇంకా అని. చదువుకున్నోల్లు రోజు మాట్లాడేది ఎక్కువ గిదే.”

వాన సందులోని రేకుల మీద పడుతోంది. ఇంకా పడుతోంది. మైసయ్య ఆ మాటను నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నాళ్ళూ తన చేతిలో ఒక గడియలా ఉన్న మాట, పడితే తలుపు మూసుకునే మాట, అవతలి వైపు నుంచి చూస్తే తెరిచే ఉన్న తలుపట. ఇంకా అన్నప్పుడు ఏదీ ముగిసిపోదు. రావలసినవాడు దారిలో ఉంటాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఆ రెండో అర్థం మీద ఆయనకు లేత ప్రేమ పుట్టింది. దానితోపాటు కొంచెం సిగ్గు కూడా. ఇంతకాలం చదువుకున్నవాళ్ళ ముందు సగం మాటే అన్నానేమో అనిపించింది.

ఆ రోజు నుంచి స్టూలు మీది మనిషికి “కదలకుండ్రి” అని తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టాడు. స్టిల్ అనే మాటను కొత్త అర్థంతో అంతటా వాడాడు. ఫొటోలు అడిగినవాళ్ళకు “స్టిల్ రెడీ కాలే,” అనేవాడు. ఇంటికొస్తూనే, “అన్నం స్టిల్ కాలేదా?” అని అడిగేవాడు.

“స్టీలు గిన్నెలనే వండిన, కూసోని తిను,” అనేది రుక్కమ్మ. “ముసలితనాన ఇంగిలీసు ముదిరింది నీకు. స్టిల్ లేదు గిస్టిల్ లేదు.”

మనీషా గోడకు ఆనుకుని నవ్వేది. ఆమె పొట్ట మీద చీర ఒకచోట ఉబికి, మళ్ళీ సర్దుకునేది. “సూడు బాపూ, లోపటికెల్లి తంతున్నది,” అనేది. ముగ్గురూ ఆ చోటు వైపు చూస్తూ కూర్చునేవారు.

వానాకాలం దాటిపోయి, ఎండలు కొత్తగా కాస్తున్న రోజులు. సిరిసిల్ల నుంచి దినేశ్ తల్లి సాయవ్వ కోడలిని చూడడానికి వచ్చి ఉంది. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ళ కొసలు తంబాకు రంగు తేలాయి. పొద్దున మనీషా చాయ గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది.

“ఏమైందే?” అంది రుక్కమ్మ.

“లేచిన కాన్నుంచి లోపట మెసలుతలేదు అవ్వా.”

పంచదార నీళ్ళు తాగించారు. ఎడమ పక్కకు పడుకోబెట్టారు. సాయవ్వ కోడలి పొట్ట మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉంది. తర్వాత చెయ్యి తీసి, “ఆటో పిలువు అన్నా,” అంది మైసయ్యతో. “జగిత్యాల పోదాం.”

జగిత్యాలలో వాళ్ళు మొదటి నుంచీ చూపించుకుంటున్న ప్రైవేటు దవఖాన ఉంది. మనీషాను లోపలికి తీసుకుపోయారు. ముందు స్కానింగ్ గది, తర్వాత ఇంకో గది, దానికి ఆకుపచ్చ తెర. మైసయ్య భుజాన కెమెరా సంచి ఉంది. ఇంట్లోంచి ఆత్రంగా బయల్దేరినప్పుడు చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు కానీ సంచి మాత్రం తగిలించుకున్నాడు. నెలలు నిండినట్టే కదా, ఇవాళే కాన్పు చేస్తారేమో అనుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ గోడ పక్క బెంచీ మీద కూర్చున్నారు. ఆయన తెర దగ్గరే నిలబడ్డాడు.

డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉందన్నారు. కాసేపటికి కౌంటరు దగ్గర ఒక నర్సు ఇంకో నర్సుతో మాట్లాడడం ఆయనకు వినబడింది.

“మూలకున్న బెడ్డామెదా? స్టిల్ బర్త్ కేసు. మేడం వచ్చినంక వాల్లోల్లతోని మాట్లాడతదట.”

స్టిల్. ఆ మాట విన్న వెంటనే మైసయ్యకు మనీషా చెప్పింది గుర్తొచ్చింది. పక్కన ఏ మాట ఉందో చూడాలి. పక్కన బర్త్ ఉంది. బర్త్ అంటే పుట్టడం, అది ఆయనకు తెలుసు. బర్త్ సర్టిఫికెట్లకు పక్క జిరాక్సు షాపు ముందు రోజూ జనం నిలబడతారు. పక్కన పని ఉంటే, ఇంకా అని.

ఆయన బెంచీ దగ్గరికి నడిచి వచ్చాడు.

“ఏమన్నరు?” అంది రుక్కమ్మ.

“ఇంకా కాన్పు అయితనే ఉన్నదట. టైం పడతది. డాక్టరమ్మ వచ్చి చెప్తదట.”

“నీకెవలు చెప్పిన్రు?”

“నర్సులు అనుకుంటున్నరు. ఇంగ్లీషుల.”

రుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. సాయవ్వ వీపు గోడకు ఆనించి కాళ్ళు చాపింది. అప్పటిదాకా వాళ్ళు గాలి కూడా సగం సగమే పీల్చారు.

“నేను అప్పుడే అనుకున్న,” అంది సాయవ్వ. “కాన్పు ముంగట పిల్లలు సల్లవడతరు. మా దినేశుగాడు గట్లనే చేసిండు.”

“మీ దినేశు ఇప్పటికి గట్లనే గద వదినా. ఉన్నడా లేడా తెల్వది.”

“మీ బిడ్డ మాట్లాడనిస్తె గద వాడు మాట్లాడేది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మైసయ్య దినేశ్‌కి ఫోన్ చేశాడు. అవతల మగ్గాల మోత వినిపిస్తోంది.

“మామా, ఎట్లున్నది?”

“స్టిల్ బర్త్ అట బిడ్డా.”

“అంటే?”

“అంటె ఇంకా అయితున్నదని. ఆగమాగం రాకు. పని అయిపోయినంక నిమ్మలంగ రా.”

దినేశ్ ఆ మాట పక్కవాళ్ళకు చెప్పినట్టున్నాడు. మగ్గాల మోత మీంచి ఎవరో, “చాయలు తాపియ్యాలె,” అని అరవడం ఫోన్లో వినిపించింది.

రుక్కమ్మ కిందికి పోయి మూడు చాయలు తెచ్చింది. తాగుతూ పేర్ల సంగతి మాట్లాడుకున్నారు. మైసయ్య కిటికీ దగ్గరికి పోయి వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూసుకున్నాడు. మంచం ఇటు జరిపితే ఫ్లాష్ అక్కర్లేదు, పసికళ్ళకు ఫ్లాష్ మంచిది కాదు. ఆ కాసేపు జగిత్యాల ఎండ కిటికీ చువ్వల్లోంచి వచ్చి, గచ్చు మీద మెత్తగా కూర్చుంది. ఆ ఎండలో ముగ్గురు మనుషులు లోకంలో అందరికన్నా సుఖంగా ఉన్నారు.

డాక్టరమ్మ వచ్చి మైసయ్యను, రుక్కమ్మను తన గదిలోకి పిలిచింది. కూర్చోమంది. వాళ్ళు కూర్చోలేదు.

“బేబీకి గుండె కొట్టుకోవడం లేదు,” అంది. “రెండుసార్లు చూసినం. అమ్మాయికి చెప్పినం. కాన్పు మామూలుగానే అయ్యేటట్టు చూస్తం. తల్లికి ఏం భయం లేదు.”

రుక్కమ్మ గోడ పట్టుకుంది. మైసయ్య మాత్రం, ఏదో లెక్క సరిచేయడానికి వచ్చినవాడిలా, మెల్లగా అన్నాడు.

“గాని, స్టిల్ అన్నరు గదమ్మా.”

“అవును.”

“స్టిల్ అంటె ఇంకా గద.”

డాక్టరమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఆ మాట అది కాదు పెద్దాయనా. స్టిల్ బర్త్ అంటే, కదలిక లేకుండ పుట్టుడు.”

కదలిక లేకుండా. ఆ అర్థం ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాంతోనే ఇల్లు గడిపాడు, దాంతోనే బిడ్డను చదివించాడు. లోకం మొత్తంలో ఒక్క ఇంగ్లీషు మాట తెలుసని చెప్పుకోగలిగితే అది అదే. దాన్నే ఆయన మొన్నమొన్న తప్పనుకుని విడిచిపెట్టాడు.

బయట సాయవ్వకు రుక్కమ్మే చెప్పింది. ఏమని చెప్పిందో మైసయ్య వినలేదు. గదిలోంచి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎండ అక్కడే ఉంది. కొంతసేపటికి రుక్కమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆమె తిడుతుందని ఎదురు చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

“చాయ తాగినంత సేపన్న సంతోషంగున్నం,” అంది ఆమె. “గంతకన్న ఏం లేదు తియ్యి.”

దినేశ్ సాయంత్రం బండి మీద వచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. బండి హ్యాండిల్‌కి మిఠాయి పొట్లం వేలాడుతోంది. గేటు దగ్గర తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. ఆ పొట్లం అట్లాగే బండికి ఉండిపోయింది. తెల్లారేసరికి చీమలు పట్టాయి.

కాన్పు మర్నాడు పొద్దున అయింది. ఆడపిల్ల. మనీషా అరవలేదని, పళ్ళ బిగువున ఓర్చుకుందని ఆయా చెప్పింది. సాయవ్వ లోపలికి పోయి, పిల్లను తనే శుభ్రం చేసి, తెల్లటి మెత్తటి పంచెగుడ్డలో ముఖం కూడా కనబడకుండా చుట్టి ఎత్తుకుంది. దినేశ్ స్నేహితుడి కారు కింద సిద్ధంగా ఉంది. సిరిసిల్లకు తీసుకుపోయి, మానేరు ఒడ్డున వాళ్ళవాళ్ళను పెట్టే చోట మన్ను చేయాలి.

“ఒక్కసారి సూపియ్యి అత్తమ్మా,” అంది మనీషా మంచం మీంచి.

“వద్దు బిడ్డా.”

“నా బిడ్డనే గద.”

“అందుకనే వద్దంటున్న.” సాయవ్వ గొంతు గట్టిగా లేదు. “నేను ఇద్దరిని గిట్లనే మన్నుల పెట్టిన. మా అత్త నాకు మొఖం సూపియ్యలే. సూడలేదు గనుకనే లేచి పనికి పోయిన. సూసిన మొఖం నిద్రపోనియ్యది.”

“నీకు ఇప్పుడు నిద్ర పడుతున్నదా అత్తమ్మా?”

సాయవ్వ పిల్లను గుండెకు ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంది. మనీషా తల తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ తండ్రిని చూసింది.

“బాపూ, ఒక ఫొటో తియ్యి.”

రుక్కమ్మే ముందు తేరుకుంది. “పీనుగుకు ఫొటో ఏందే. కడుపు మళ్ళ పండాలె. ఇంట్ల గసువంటిది ఉంచుకోవద్దు.”

“ముసలోల్లకు తీసిండు గద. అందరికి తీసిండు. నా బిడ్డకు తియ్యడా?” మనీషా కళ్ళు పొడిగా ఉన్నాయి. “కొన్ని రోజులైతె నాకే యాదికుండదు బాపూ. బిడ్డ పుట్టిందా, కల వచ్చిందా అనుకుంట. మీరందరు గూడ పుట్టనే లేదంటరు.”

మైసయ్య కెమెరా సంచి మీద చెయ్యి వేసి ఆగాడు. ముసలివాళ్ళకు తీసినప్పుడు వాళ్ళ బతుకు అయిపోయి ఉండేది. ఫొటో ఒక చివరి వాక్యంలా ఉండేది. ఇక్కడ వాక్యమే లేదు. ఒక మనిషి లోకంలో ఉన్నట్టు చూపేందుకు ఈ గుడ్డ మూట తప్ప ఇంకేమీ లేదు, అది కూడా ఇంకో పూటకి మన్ను కిందికి పోతుంది. తను వద్దంటే అందరూ అది మంచిదే అంటారు. బిడ్డ ఒక్కతే అనదు.

“చెల్లె,” అన్నాడు సాయవ్వతో. “కొద్దిగ కిటికి దిక్కు రావా.”

ఆమె కదలలేదు. అప్పుడు దినేశ్ తల్లి దగ్గరికి వచ్చాడు. రాత్రంతా కడుక్కున్నా పోని గ్రీజు మరకల వేళ్ళతో, మూట మీది గుడ్డను మెల్లగా పక్కకు జరిపాడు. సాయవ్వ ముఖం గోడ వైపు తిప్పుకుంది. కానీ చేతులు కిటికీ వైపు చాపింది.

పొద్దుటి వెలుతురు మృదువుగా ఉంది. మైసయ్య కెమెరా కంటికి ఆనించాడు. చిన్న ముఖం. నుదుటి మీద తడి ఆరని వెంట్రుకలు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లగా ఉన్నాయి. అలవాటు కొద్దీ ఒక మాట ఆయన గొంతులోకి వచ్చింది. నాలుక దాకా వచ్చి నిలబడింది. మింగేశాడు. మీట నొక్కాడు. చప్పుడైంది. ఇంకోసారి నొక్కాడు.

తర్వాత పిల్లను తనే ఎత్తుకుని మనీషా పక్కన పెట్టాడు. సాయవ్వ వద్దనలేదు. కారు హారను మోగేదాకా తల్లి బిడ్డ చెయ్యిని వేలితో నిమురుతూ ఉంది.

నెల గడిచినా మైసయ్య ఆ ఫొటో కడగలేదు. స్టూడియో తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. స్టూలు మీది మనుషులకు ఏమీ చెప్పడం లేదు. వాళ్ళంతట వాళ్ళు ఆగేదాకా చూసి మీట నొక్కుతున్నాడు. ఆ మాట ఎందుకు మానేశాడో కోరుట్లలో ఎవరికీ తెలియదు. చికెన్ మైసయ్య మాత్రం ఒకసారి తలుపు దగ్గరికి వచ్చి, “ఏం రా, నీ స్టిల్లు యాడ పోయింది?” అని అడిగి, ఖాళీ స్టూలు వైపు చూసి వెళ్ళిపోయాడు.

మనీషా పుస్తకాలు తెరవడం లేదు. ఒకరోజు అన్నం తింటూ, “కడిగినవా బాపూ?” అంది. ఏది అని ఆయన అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం షట్టరు సగం దించి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ ముఖం తెర మీద నిండుగా పరుచుకుంది. చెయ్యి దానంతటది పనిలోకి దిగింది. పెదవుల నలుపు కాస్త తగ్గించాడు. బుగ్గల మీద కొంచెం ఎరుపు. మౌసు బాణం రెప్పల మీదికి వచ్చి ఆగింది. ముసలివాళ్ళ కళ్ళు తెరిపించడానికి ఎప్పుడూ ఒక పాత ఫొటో దొరికేది. ఈ కళ్ళు ఏ రంగువో, పెద్దవో చిన్నవో, నవ్వితే ఎటు సాగేవో ఎవరూ చూడలేదు. వేరే పిల్ల కళ్ళు తెచ్చి పెడితే అది వేరే పిల్ల అవుతుంది. ఆయన చేసిందంతా వెనక్కి తీశాడు. ఎరుపు పోయింది. పెదవులు మళ్ళీ నల్లబడ్డాయి. ఎట్లా ఉన్న ముఖం అట్లా అచ్చు వేసి, చేతి రుమాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయాడు.

మనీషా దాన్ని దిండు కింద పెట్టుకుంది. రుక్కమ్మ చూసీ చూడనట్టు ఉంది. పక్క దులిపేటప్పుడు మాత్రం ఆ దిండును రెండు చేతులతో ఎత్తేది.

కోడలిని తీసుకుపోవడానికి సాయవ్వ సిరిసిల్ల నుంచి వచ్చింది. అన్నాలు తిన్నారు. బట్టలు సర్దారు. బస్సుకు ఇంకా పొద్దుంది. సాయవ్వ గడప పక్కన కూర్చుని, కొంగు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. చుట్టడానికి ఆకు లేకపోయినా ఆ వేళ్ళు ఊరుకోవు. చివరికి ఎవరి వైపూ చూడకుండా అంది.

“ఏది, గా ఫొటో నాకు గూడ సూపియ్యిరి.”

మనీషా లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది. సాయవ్వ దాన్ని పట్టుకుని గడప బయటికి, వెలుతురులోకి పోయింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఆమె భుజాలు ఒకసారి ఎగిసి దిగాయి. మైసయ్య లోపలినుంచి ఆమె వీపునే చూస్తున్నాడు.

“ముక్కు మీ దిక్కుది కాదు,” అంది సాయవ్వ ఎట్టకేలకు. “మా అత్తది. గీ తీరుగనే కొస్సకు సప్పిడిగుండేది.”

రుక్కమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ గడప దాటి పోయింది. ఇన్నాళ్ళు చూడని ఫొటో వైపు వంగింది.

“ముక్కు మీదైతె కానియ్యి వదినా. గడ్డం మాత్రం మాదే. మా మనీష పుట్టినప్పుడు అచ్చం గిట్లనే ఉండె.”

“మీ గడ్డానికి గంత సొగసున్నదా?”

“లేకపోతె మీ కొడుకు ఎట్ల ఒప్పుకున్నడు?”

మనీషా వాళ్ళిద్దరి నడుమకు వచ్చి నిలబడింది. కాన్పు అయిననాటి నుంచి ఆమె కళ్ళలోకి రాని నీళ్ళు ఇప్పుడు చెంపల మీదికి దిగుతున్నాయి. తుడుచుకోలేదు. ఫొటో అంచు మీద వేలు పెట్టింది.

“చెవులు దినేశ్‌యి,” అంది.

సాయవ్వ వంగి ఆ చెవులు చూసింది. కొడుకు చెవుల్ని తలుచుకుంది.

“అయితె పోరి మన మాట ఒక్కటి ఇనకపోతుండె,” అంది.